కండా, కొవ్వా?

మా కడప రైల్వే స్టేషనులో ఒకప్పుడు తూకం మిషను ఒకటి ఉండేది. అలాంటివి మీరూ చూసే ఉంటారు. నిలువెత్తు పెట్టె, అద్దం వెనక గిర్రున తిరిగే చక్రం, చుట్టూ వెలిగి ఆరే రంగు బల్బులు. ఎక్కి నిలబడి రూపాయి బిళ్ల వేస్తే లోపల ఏదో నలిగినట్టు చప్పుడై, టక్కున ఒక అట్టముక్క బయటపడేది. ఒకవైపు మన బరువు, రెండోవైపు మన జాతకం.

నాకు పద్దెనిమిదేళ్లప్పుడు తిరుపతి ప్రయాణమై ఇంటిల్లిపాదీ ఆ మిషను దగ్గర చేరాం. ముందు మా మేనత్త ఎక్కింది. 44 కిలోలు. వెనక జాతకం "మీరు సుఖజీవులు" అంది. తర్వాత నేనెక్కాను. 62 కిలోలు. జాతకం "ఆవేశమును తగ్గించుకొనవలెను" అంది. అట్టముక్క చూశాక ఆవేశం ఎలా తగ్గుతుందో ఆ మిషనుకే తెలియాలి.

అమ్మ ముఖం మాడ్చుకుంది. ఆవిడ కళ్ల ముందు పెళ్లివారు కదిలి ఉంటారు. బెంచీ మీద కూర్చున్న మా జేజి మాత్రం మురిసిపోయింది. "మా పాప ఒళ్లు చేసింది, ఎవరి దిష్టి తగులుతుందో ఏమో" అంటూ నా బుగ్గల మీంచి చేతులు తిప్పి మెటికలు విరిచింది. ఆ తర్వాత తన కూతురి వైపు చూసి నిట్టూర్చింది. "నువ్వు కరువులో పుట్టినదానివి. నీకు ఒళ్లు ఎట్ల పడుతుంది లేమ్మా!"

అంటే ఒకే అట్టముక్కను చూసి అమ్మ సిగ్గుపడింది, జేజి సంబరపడింది. మేనత్త సంగతి చెప్పనక్కర్లేదు. ఆమె సన్నదనం మా ఇంట్లో ఒక ఆస్తి. పెళ్లినాటి జాకెట్టు నలభై ఏళ్లొచ్చినా పడుతుందని చుట్టాలంతా చెప్పుకునేవాళ్లు. ఆ మురిపెంలో గానీ, నా మీద జాలిలో గానీ, ఆ 44లో కండెంత, కొవ్వెంత అని అడగాలన్న ఊహ మాలో ఎవరికీ రాలేదు. ఆ అడగని ప్రశ్న మా ఇంట్లో ఒక మనిషి కన్నును తీసుకుపోయింది. ఆ కథ చెప్పాలనే ఈ వ్యాసం మొదలుపెట్టాను. అయితే దానికి ముందు కాస్త పాతకాలంలోకి పోవాలి. మా సీమలో ఏ కథైనా కరువులోంచే మొదలవుతుంది మరి.

మన మాటలు చూడండి. రాయలసీమలో "వాళ్లు బలిసినోళ్లులే" అంటే లావైనవాళ్లని అర్థం కాదు, కలిగినవాళ్లని. "ఒళ్లు చేసింది" అంటే మెచ్చుకోలు. "చిక్కిపోయినావే" అంటే సానుభూతి. మాట వినని వాణ్ని తిట్టాలంటే "కొవ్వెక్కిందిరా నీకు" అంటాం. తిండి మిగిలినవాడికే గదా కొవ్వెక్కేది! అంచేత ఆ తిట్టులోనూ కాస్త అసూయ ఉంది. కండను వేరుగా, కొవ్వును వేరుగా మన భాష ఎప్పుడో గుర్తించింది. కానీ బరువు దగ్గరికొచ్చేసరికి రెండింటినీ ఒకే తక్కెడలో వేసేశాం.

కరువుల పేర్లు వింటే ఇంకా ఆశ్చర్యం. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన నందన కరువుకు జనం పెట్టుకున్న పేరు "డొక్కల కరువు". పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంటలు పడిపోయి, డొక్కలు మాత్రమే కనబడే మనుషులు తిరిగిన కాలం అది. మన బ్రౌన్ దొర ఆ రోజుల్లో గుంటూరులో ఉద్యోగం చేస్తూ దాన్ని కళ్లారా చూశాడు. సర్కారువారు కొరత అంటూ మెత్తగా నెట్టేయబోతే ఆయన కరువును కరువనే రాశాడని చెబుతారు. మా కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. అక్కడ కూర్చుని పాత సంగతులు చదువుతున్నప్పుడు నాకు తట్టింది, ఒంట్లో కొవ్వును కొలవడానికి యంత్రాలు రాకముందు మనవాళ్లు డొక్కతోనే కొలిచారని. ఎవరి డొక్క కనబడుతోందో వాళ్లకు కాలం దగ్గరపడిందని లెక్క.

మా ప్రాంతానికి అసలైన దెబ్బ తగిలింది ధాత కరువులో. 1876లో వానలు మొహం చాటేశాయి. 1878 దాకా ఆ పీడ వదలలేదు. 1871 జనాభా లెక్కల్లో కడప జిల్లాలో సుమారు 13 లక్షల 51 వేల మంది ఉంటే, 1881 లెక్కలకు 11 లక్షల 21 వేలు మిగిలారు. కర్నూలు జిల్లాలో ఆ పదేళ్లలో నాలుగో వంతు జనం తగ్గిపోయారు. పదేళ్లలో పెరగాల్సిన జనాభా ఇలా తరిగిందంటే ఎన్ని ఇళ్లలో పొయ్యి ఆరిపోయిందో మీరే ఊహించుకోండి.

ఆ కరువులో ఒక పెద్ద తగాదా నడిచింది. అది తిండి తూకం గురించిన తగాదా. కరువు పనుల ఖర్చు తగ్గించమని సర్కారు 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ అనే దొరను పంపింది. రోజంతా రాళ్లు కొట్టి, మట్టి మోసిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, పైన కూరానారకు కాస్త చిల్లర చాలన్నాడాయన. ఆడవాళ్లకు ఇంకా తక్కువ. పౌనంటే అరకిలో కూడా లేదు. మద్రాసు శానిటరీ కమిషనరుగా ఉన్న డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. ఇది మనిషిని బతికించే తిండి కాదు, పప్పు కావాలి, కూరలు కావాలి, ధాన్యం ఇంకా కావాలి అని వాదించాడు. ఆ కూలి రేటును ఆ ఏడే సవరించాల్సి వచ్చింది. కానీ ఆ లోపు పోయినవాళ్లు పోయారు.

ఈ తగాదాను ఇప్పటి లెక్కల్లో వేసి చూద్దాం. వంటింటి లెక్కే, భయపడకండి. ఒక పౌను బియ్యంలో సుమారు 1,600 క్యాలరీలు ఉంటాయి. రాళ్లు కొట్టే మనిషికి 2,600 అయినా కావాలి. ఆ లోటు వెయ్యి ఎక్కణ్నించి వస్తుంది? ఒంట్లోంచే. ఒక కిలో కొవ్వు కరిగితే వచ్చే శక్తి సుమారు 7,700 క్యాలరీలు. అంటే ఇంచుమించు వారానికొక కిలో కొవ్వు ఆ మట్టి తట్టలో పడి పోయిందన్నమాట. అసలే బక్క మనిషి, ఒంట్లో ఎన్ని వారాల నిల్వ ఉంటుంది? కొవ్వు కరుగుతూ ఉండగానే కండ కూడా కరుగుతుంది. కొవ్వు నిల్వ అడుగంటాక భారమంతా కండ మీదే పడుతుంది. చేతుల కండ, కాళ్ల కండ, చివరికి గుండె కండ. అప్పుడు చిన్న జ్వరం చాలు, ఒక పూట విరేచనాలు చాలు.

మా సీమ పల్లెల్లో వెనకటికి ఇంటి ముందరో, పెరట్లోనో పాతర తవ్వి ధాన్యం దాచేవాళ్లు. కరువొస్తే ఆ పాతరే దిక్కు. మన ఒంట్లోని కొవ్వు అలాంటి పాతరే. ప్రకృతి మనకిచ్చిన ముందుజాగ్రత్త అది. అందుకే 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు తన గాదెలు తెరిచి ఊరికి అన్నం పెడితే, పాతరలు ఖాళీ అయిన ఒళ్లకు అది ప్రాణదానమైంది. విక్టోరియా రాణి పేర ఆయనకు బంగారు పతకం వచ్చిందంటారు. పతకాన్ని చూసినవాళ్లు కొద్దిమంది. ఆయన పాట మాత్రం సీమలో ఇంటింటా మోగింది.

ఈ పాతర విషయంలో ప్రకృతి ఆడవాళ్ల పట్ల కాస్త పక్షపాతం చూపించింది. మగవాడికి ప్రాణం నిలవడానికి తప్పనిసరిగా ఉండాల్సిన కొవ్వు ఒంటి బరువులో నూటికి మూడు వంతులైతే, ఆడదానికి పన్నెండు అని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. ఎందుకంటే ఆమె ఒంట్లో ఇంకో ప్రాణం పెరగాలి, పుట్టాక పాలివ్వాలి. 50 కిలోల స్త్రీ ఒంట్లో నూటికి 25 వంతులు కొవ్వుంటే పన్నెండున్నర కిలోలు. అందులో తప్పనిసరిది ఆరు కిలోలు తీసేస్తే మిగిలిన ఆరున్నర కిలోలు ఆమెకు సుమారు నెలరోజుల బత్తెం. కొవ్వు మరీ పడిపోతే ముందు ఆగిపోయేది నెలసరి. తినడానికి లేని చోట ఇంకో నోటిని పుట్టించనని ఒళ్లే తలుపు వేసేస్తుంది. ధాత కరువు వెన్నంటి జననాలు పడిపోవడానికి ఇదీ ఒక కారణమే. కొవ్వు నుంచి మెదడుకు "పాతరలో ఇంత ఉంది" అని కబురు మోసే లెప్టిన్ అనే పదార్థాన్ని 1994లో అమెరికాలో ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. అంతదాకా కొవ్వంటే ఊరికే పడి ఉండే సరుకనుకున్నారు. అది మాట్లాడుతుందని అప్పుడు తెలిసింది.

అంచేత కొవ్వును తిట్టడం నాకు ఇష్టం లేదు. మా వంశాన్ని ఈ గడ్డ మీద నిలబెట్టింది అదే.

సరే, దాన్ని కొలవడం సంగతి. బరువును ఎత్తుతో కలిపి చూసే పద్ధతి బెల్జియం దేశస్థుడు కెత్లే పుణ్యం. ఆయన డాక్టరు కాదు, నక్షత్రాలు లెక్కపెట్టే పండితుడు. 1830ల్లో సగటు మనిషి ఎలా ఉంటాడో తేల్చాలని కూర్చుని, బరువు ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుందని గమనించాడు. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె అది. 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికన్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు ప్రతి ఆస్పత్రి గోడ మీదా కనిపించే బి.ఎం.ఐ. అదే. జనాన్ని గుంపుగా చూడ్డానికి అది పనికొస్తుంది. కానీ ఒక్క మనిషిని నిలబెట్టి ఈమెలో కండెంత, కొవ్వెంత అంటే దానికి నోరు లేదు.

దాని నోరు లేనితనాన్ని 1942లోనే ఒక నౌకాదళం డాక్టరు బయటపెట్టాడు. ఆయన పేరు ఆల్బర్ట్ బెంకీ. 25 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లను తీసుకుంటే, బరువు పట్టిక ప్రకారం వాళ్లలో 17 మంది మరీ లావని సైన్యానికి పనికిరాని లెక్కలో పడ్డారు. ఆయన వాళ్లను నీళ్లలో ముంచి తూచాడు. నీళ్లలో ఎందుకంటే, మజ్జిగ చిలికేవాళ్లకు చెప్పనక్కర్లేదు, వెన్న తేలుతుంది. కొవ్వు నీళ్లకన్నా తేలిక, కండ, ఎముక నీళ్లకన్నా బరువు. నీళ్లలో మనిషి ఎంత తేలిపోతే అంత కొవ్వన్నమాట. అలా తూస్తే ఆ పదిహేడుగురిలో చాలామందికి కొవ్వు తక్కువే ఉంది. బరువంతా కండ! పట్టిక చెప్పిన లావు మనుషులు నిజానికి ఉక్కుముక్కలు.

ఆ తర్వాత సులువు పద్ధతులు వచ్చాయి. చేయి వెనక, వీపు మీద చర్మాన్ని పటకారులాంటి సాధనంతో పట్టి మందం కొలవడం ఒకటి. ఎముకల గట్టిదనం చూసే డెక్సా అనే ఎక్స్‌రే మిషను కండను, కొవ్వును కూడా విడదీసి చూపిస్తుంది. ఇప్పుడు ఇళ్లలోకి వచ్చిన తూకం పలకలు అరికాళ్లలోంచి మనకు తెలియనంత చిన్న కరెంటు పంపుతాయి. కండలో నీరుంటుంది గనక కరెంటు తేలిగ్గా పోతుంది, కొవ్వు అడ్డుపడుతుంది. మా అమ్మాయి తెప్పించిన పలక పొద్దున ఒక శాతం, రెండు చెంబుల నీళ్లు తాగాక ఇంకో శాతం చెబుతుంది. దాన్ని దేవుడి వాక్కులా నమ్మకూడదు. ఎప్పుడూ ఒకే వేళకు ఎక్కి, నెలల మీద అంకె ఎటు పోతోందో చూసుకుంటే చాలు. ఆడవాళ్లలో 32, మగవాళ్లలో 25 శాతం దాటితే ఎక్కువని సాధారణంగా చెబుతారు. అందరూ ఒప్పుకున్న గీత అంటూ ఒకటి లేదు. వయసుతో అది పెరుగుతుంది కూడా. మనం కదలకపోతే కండ తరిగి, ఆ జాగాలో కొవ్వు చేరుతుంది. తక్కెడలో మాత్రం అదే బరువు!

ఇక ఇద్దరు డాక్టర్ల కథ చెబుతాను. ఒకరు పుణేలో చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు ఇంగ్లండులో జాన్ యూడ్కిన్. ఇద్దరి బి.ఎం.ఐ. అచ్చంగా ఒక్కటే, 22.3. ఏ గోడ పట్టిక చూసినా ఇద్దరూ భేషైనవాళ్లే. డెక్సా మిషను కింద పడుకుంటే యూడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. 2004లో ఇద్దరూ తమ బొమ్మలు పక్కపక్కన వేసి లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. బరువు, ఎత్తుల లెక్క ఒక్కటే, ఒకరి ఒంట్లో ఇంకొకరికి రెట్టింపుకు పైగా కొవ్వు!

మనవాళ్ల ఒంటి తీరే ఇంత. పైకి సన్నం, లోపల వెన్న. కాళ్లు చేతులు పుల్లల్లా ఉంటాయి, కొవ్వంతా నడుం చుట్టూ, పొట్ట లోపల, కాలేయం మీద పేరుకుంటుంది. చర్మం కింద తొడల్లో ఉండే కొవ్వు కన్నా ఈ పొట్టలోపలి కొవ్వు ప్రమాదకరమైనది. ఇన్సులిన్ మాట ఒళ్లు వినకుండా చేస్తుంది. షుగరు, రక్తపోటు, గుండెజబ్బు దాని వెంటే వస్తాయి. ఈ సంగతి తెలిశాకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో ఆసియావాళ్లు బి.ఎం.ఐ. 23 దగ్గరే జాగ్రత్తపడాలంది. 2009లో మన దేశపు వైద్యులు కూర్చుని 25 దాటితే స్థూలకాయమనీ, నడుం చుట్టుకొలత ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు మించకూడదనీ తేల్చారు.

ఇప్పుడు మా మేనత్త దగ్గరికి వస్తాను.

ఆమె 1952లో పుట్టింది. అవి సీమలో గంజి కేంద్రాల రోజులు. నిండు చూలాలైన మా జేజి గిన్నె పట్టుకుని గంజి వరసలో నిలబడేదట. "నా వంతు నేను సగం తాగి, సగం పెద్దోనికి పోస్తా ఉంటి" అని చెప్పేది. ఆ పెద్దోడు మా నాన్న. మిగిలిన సగం గంజి మీద పెరిగిన బిడ్డ మా అత్త. పుట్టినప్పుడు పిల్లికూనంత ఉండెనట.

ఆ బిడ్డ పెరిగింది, పెళ్లయింది. 1983లో రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. పండక్కి గానీ వరికూడు చూడని ఇళ్లలో రెండు పూటలా తెల్లన్నం ఉడికింది. దాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. గంజి వరసలో నిలబడిన మనిషి మనుమరాలిని నేను. కానీ సంగటి, కొర్రలు, జొన్నరొట్టె మెల్లగా వెనక్కి పోయాయి. బావిలో నీళ్లు తోడడం పోయి కొళాయి వచ్చింది, రోలు పోయి మిక్సీ వచ్చింది. తిండి పెరిగి, ఒంటిపని తరిగింది. కరువుకోసం తవ్విన పాతరలోకి ఇప్పుడు రోజూ ధాన్యం పడుతోంది, తీసేవాళ్లు లేరు. మా అత్త చేతులు మాత్రం అట్లే వెదురుపుల్లలు. పొట్ట కొంచెం ముందుకొచ్చిందంటే, "ఇద్దర్ని కన్నది, రాదా?" అన్నాం.

నా సంగతి వేరు. బొద్దుగా ఉన్నానని ఏ డాక్టరు దగ్గరికి పోయినా, పంటినొప్పికి పోయినా సరే, "ముందు షుగరు చూపించుకోమ్మా" అనేవాళ్లు. నాకు తోడుగా ప్రతిసారీ అత్త వచ్చేది. పక్కన కుర్చీలో కూర్చుని నా మీద జాలిపడేది. "మా కోడలు ఒళ్లు తగ్గించుకుంటే బాగుండు సార్" అని నా తరఫున మొర కూడా పెట్టేది. ఆ కుర్చీలో మనిషిని చూసి, "మీరూ ఒకసారి చూపించుకోండి" అని ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు. పాపం ఎవరిదని చెప్పను?

2009లో ఒకనాడు, "అమ్మీ, కుడికంటి ముందర నల్లగా పొగమాదిరి తిరుగుతాంది" అంది. అద్దాలు మార్చాలి కాబోలనుకుని తీసుకుపోయాం. కళ్ల డాక్టరు కంట్లో లైటు వేసి చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "షుగరు ఎన్నేళ్లుగా ఉందమ్మా?" అన్నాడు. అత్త నవ్వింది. "నాకెందుకుంటుంది సార్? నేను సన్నంగానే ఉండా కదా!"

ఎన్నేళ్లుగానో ఉంది. తెలియకుండా ఉంది. కంటి వెనక రక్తనాళాలు చిట్లాయి. లేజరు పెట్టి ఎడమకన్ను కాపాడగలిగారు. కుడికన్ను పోయింది.

తర్వాత హైదరాబాదులో ఆమె కొడుకు ఎముకల పరీక్షకు తీసుకుపోతే, నేనూ పక్కనే ఉన్నాను గనక ఇద్దరికీ ఆ డెక్సా తీశారు. అత్తకు 45 కిలోల బరువులో కొవ్వు 36 శాతం. నాకు 64 కిలోల్లో 35. ఆ కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాం. ఒకరిని చూసి లోకం మెచ్చుకుంది, ఒకరిని చూసి వేళాకోళం చేసింది. లోపల ఇద్దరం ఒక్కటే. తేడా ఏమిటంటే, నన్ను తిట్టినవాళ్ల పుణ్యాన నాకు పరీక్షలు జరిగాయి, ఆమెను మెచ్చుకున్నవాళ్ల పుణ్యాన ఆమెకు జరగలేదు.

అమ్మ కడుపులో ఉన్నప్పుడు తిండి చాలకపోతే, పెద్దయ్యాక ఇలాంటి జబ్బులకు ఒళ్లు లొంగుతుందని ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ అనే ఆయన ఏళ్ల తరబడి చెప్పాడు. పుణేలో యాజ్ఞిక్ బృందం పసిబిడ్డలను కొలిచి చూస్తే, మన పిల్లలు ఇంగ్లండు పిల్లలకన్నా బాగా తేలిగ్గా పుట్టినా, తగ్గిందంతా ఎక్కువగా కండలోనే, కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదని తేలింది. లేమిలో పడ్డ బిడ్డ ఒళ్లు, ముందు దొరుకుతుందో లేదో అని పాతరను వదులుకోదు కాబోలు. మా అత్తకు గంజి కాలం వల్లే ఇట్లా అయిందని ఏ డాక్టరూ రాసివ్వలేడు. ఒక్క మనిషి విషయంలో అలా తేల్చలేం. కానీ జేజి చెప్పిన ఆ సగం గ్లాసు గంజి నా మనసులోంచి పోదు.

ఆశపడాల్సిన సంగతీ ఒకటుంది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1987 నుంచి 1990 దాకా హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెలను చూశారు. వాటిలో 15 పల్లెల్లో చూలాళ్లకు, చిన్నపిల్లలకు అదనపు తిండి అందింది. ఆ పిల్లలు పదిహేనేళ్లు అటూఇటుగా ఉన్నప్పుడు మళ్లీ పిలిచి కొలిచారు. తిండి అందిన ఊళ్ల పిల్లలు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పొడుగున్నారు. ఒంట్లో కొవ్వు శాతంలో తేడా లేకపోయినా, ఇన్సులిన్ మాట వినడంలో, రక్తనాళాల మెత్తదనంలో వాళ్లే మెరుగ్గా ఉన్నారు. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. చూలాలి గిన్నెలో పడ్డ ఒక గరిటె తిండి వృథా పోదన్నమాట. అంగన్వాడీ ముందు గిన్నె పట్టుకున్న ఆడమనిషిని చూస్తే ఇప్పుడు నాకు జేజి గుర్తొస్తుంది.

మరి మనమేం చేయాలి? పెద్ద పెద్ద మిషన్లు అక్కర్లేదు. కుట్టుపెట్టెలో జాకెట్లు కొలిచే టేపు ఉంటుంది గదా, అది తీసుకోండి. పక్కటెముకల చివరకూ, తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి బిగపట్టకుండా కొలవండి. బిగపట్టాలనిపిస్తుంది, నాకు తెలుసు, అయినా వద్దు. 80 సెంటీమీటర్లు దాటితే, తక్కెడ ఎంత ముద్దుగా మాట్లాడినా సరే, షుగరు, రక్తపోటు చూపించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా షుగరుంటే నడుముతో కూడా పనిలేదు, వెళ్లాల్సిందే. ఉపవాసాలతో బరువు దించేస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కొవ్వే ముందొస్తుంది. కందిపప్పు, అలసందలు, పెరుగు, తినేవాళ్లకు గుడ్డు, రోజూ నడక, దానితోపాటు కాస్త బరువులెత్తే పని ఉంటే కండ నిలుస్తుంది. నేనైతే రెండు చేతుల్లో రెండు నీళ్ల బిందెలతో మేడమెట్లు ఎక్కుతున్నాను. ఎదురింటావిడ మా మోటారు చెడిపోయిందనుకుని పాపం పలకరించింది.

మొన్న సంక్రాంతికి అత్త వచ్చింది. డెబ్బై దాటింది. ఒంటికన్నుతోనే గోడ పట్టుకోకుండా నడుస్తుంది, సూది తనే వేసుకుంటుంది, సంగటిముద్ద కొలిచి తింటుంది. పదిహేడేళ్ల మా అమ్మాయి పండగ పరికిణీ కట్టుకుని వచ్చింది. సన్నగా ఉంటుంది. చుట్టాలావిడ ఒకరు, "అచ్చం మేనత్త పోలికే. సన్నజాజి తీగ! దీనికేం లోటు?" అని మురిసిపోయింది.

అత్త ఏమీ అనలేదు. లేచి వెళ్లి నా కుట్టుపెట్టె వెతికి టేపు తెచ్చింది. పిల్లను దగ్గరికి పిలిచి, నడుం చుట్టూ తిప్పి, అంకె కనబడక టేపును ఎడమకంటి దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"ఇప్పటికి బాగానే ఉంది" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "అమ్మీ, సన్నగుందిలే అని దీన్ని ఇడిసిపెట్టొద్దు. ఏడాదికొకసారి చూపించు."

ఆ పూట ఆ టేపు మా ఇంట్లో అందరి నడుముల చుట్టూ తిరిగింది. మురిసిపోయిన చుట్టాలావిడను కూడా అత్త వదల్లేదు.